లాంచీలో మోత పెట్టే ముందు

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు చేసిన రిమోటు బొమ్మ పడవ, అదే నీ గోదావరి లాంచీ, ఫొటో చూశాను. పైకప్పు, చుట్టూ కమ్మీలు భలే కుదిరాయి అల్లుడూ. ఇంజను మోత కోసం లోపల బ్లూటూత్ స్పీకరు పెట్టి గట్టు మీద ఫోనులోంచి పంపిస్తానన్నావు. ఆ పని చేయకు. నేను చేసి నవ్వులపాలయ్యాను. పడవ పదిహేను గజాలు పోయిందో లేదో మోత తెగి తెగి వచ్చింది. ఆఖరికి పడవలోంచి ఎవరో ఆవిడ "డిస్‌కనెక్టెడ్" అంది. గట్టు మీద పిల్లలు ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తారు.

చిన్న స్పీకర్లకు బ్లూటూత్ గట్టిగా అందేది సుమారు 10 మీటర్లు. నీటికి జానెడు ఎత్తులో ఉంటే అదీ అనుమానమే. పైగా బ్లూటూత్‌ది, నీ రిమోటుది ఒకే రేడియో దారి, 2.4 గిగాహెర్ట్జ్. ఒకదానికొకటి అడ్డు రావచ్చు.

మెమొరీ కార్డు పట్టే స్పీకరు కొను. మోత పడవలోనే ఉంటుంది, దూరంతో పేచీ లేదు. వేగం పెంచితే మోత పెరగదు, నిజమే. అది కావాలంటే పడవలో రిమోటు సిగ్నలు అందుకునే రిసీవరుకి తగిలించే సౌండ్ మాడ్యూల్ (మోత పుట్టించే చిన్న బోర్డు) వేరే ఉంది. లాంచీ ఎలాగూ ఒకే జోరులో పోతుంది, నీకు కార్డు చాలు. నిమిషం ముక్కని తిప్పి తిప్పి వేయకు, ఎంపీ3 మళ్లీ మొదలైనప్పుడల్లా చిన్న ఖాళీ వినిపిస్తుంది. అరగంట ఫైలు చేసుకో.

పట్టిసీమ రేవుకెళ్లి రికార్డు చెయ్యి. ఫోను ఇంజను దగ్గరే పట్టుకో. దూరం నుంచి వినిపించే ఆ బరువైన డుగ్‌డుగ్ చిన్న స్పీకరులో పలకదు, దగ్గరి టకటకే పలుకుతుంది.

అసలు కిటుకు బిగింపులో ఉంది. స్పీకరుని ఊరికే అడుగున పడేస్తే మోత పడవ లోపలే అణిగిపోయి బయటికి సరిగా రాదు. కప్పు కింద, వాన పడని చోట బెజ్జం కోసి, స్పీకరు మూతిని దానికి ఆనించు. మధ్యలో పాత హవాయి చెప్పు రబ్బరుతో చుట్టూ రింగు కోసి అతికించు. ఎక్కడా సందు ఉండకూడదు. నాకు మూడో రింగుకి గానీ కుదరలేదు. అంత ఎత్తులో బరువు చేరితే పడవ ఒరుగుతుంది, అందుకే అరచేతిలో పట్టే స్పీకరే తీసుకో. ముందు ఇంట్లో తొట్టిలో తేల్చి చూడు.

చెరువు దగ్గర మోత పెట్టి, పడవ ఎవరిచేతనైనా పట్టించి, నువ్వు రిమోటుతో దూరంగా నడువు. చుక్కాని దానంతటదే వణికితే స్పీకరు రిమోటు సిగ్నలుకి అడ్డు పడుతూ ఉండొచ్చు, ఆ రోజుకి స్పీకరు ఆపెయ్యి.

ఆదివారం తీసుకురా. రింగులకి నా పాత చెప్పులు దాచి ఉంచాను, మీ అత్తయ్య పారేయకుండా ఉంటే.

మీ మావయ్య