ఇంట్లో బల్లి, పెరట్లో తొండ రంగెలా మారుస్తాయి?

గోడ మీది బల్లి పగలు ముదురుగా, రాత్రి తెల్లగా కనిపిస్తోంది, రెండూ ఒకటేనా అని అడిగారు. చాలావరకు ఒకటే. బల్లి చర్మంలో మెలనిన్ అనే నల్లటి పదార్థం నిండిన కణాలుంటాయి. ఆ పదార్థపు రేణువులు కణమంతా పరుచుకుంటే ఒళ్లు ముదురుగా, మధ్యకు ముడుచుకుంటే పాలిపోయినట్టుగా కనిపిస్తుంది. వెలుతురు, వేడి, బెదురు, వెనకున్న గోడ రంగు, వీటన్నిటి ప్రభావమూ ఉంటుంది.

ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. మధ్యధరా ప్రాంతపు ఇళ్ల గోడల మీద తిరిగే ఒక రకం బల్లికి కళ్లకు గంతలు కట్టి చూశారు. అయినా అది వెనకున్న రంగుకు తగ్గట్టు మారింది. ఒంటిని కప్పేస్తే మాత్రం సరిగా మారలేకపోయింది. అంటే వెలుతురును దాని చర్మమే పసిగడుతోందన్నమాట!

పెరట్లో తలాడిస్తూ ఎర్రబడేది తొండ. చాలామంది దాన్నే ఊసరవెల్లి అనేస్తారు, కానీ కాదు. జతకట్టే కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రగా అవుతాయి. అది దాక్కోవడానికి కాదు, ఆడదాన్ని ఆకర్షించడానికి, సాటి మగవాటిని బెదిరించడానికి.

అసలు ఊసరవెల్లి పద్ధతి వేరు. దాని చర్మంలో అతి సన్నని స్ఫటికాలుంటాయి. వాటి మధ్య ఎడం పెరిగితే ఆకుపచ్చ రంగు పసుపు వైపు తిరుగుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూపించారు.

రంగు మారిందని టెన్షన్ పడక్కర్లేదు. ఇంటి బల్లికి గానీ తొండకు గానీ విషం లేదు.