ఒంగోలు తమ్ముడికి: సెరెనేడ్ ముద్దగా ఎందుకు వినిపిస్తోందంటే

తమ్ముడూ, మొజార్ట్ 1787లో రెండు వయొలిన్లు, వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది), బాస్ (అన్నిటికంటే కింది భాగం) కోసం రాసిన జి మేజర్ సెరెనేడ్‌ని మీ నాలుగు చెల్లోలకి మారుస్తూ పై మూడు భాగాలూ ఒక స్థాయి (ఆక్టేవ్) దించితే ముద్దగా వినిపిస్తోందన్నావు. వయొలిన్లు రెండూ దించు, తప్పదు. వయోలాని మాత్రం దించొద్దు. దాని అడుగు తీగ చెల్లో అడుగు తీగకి ఒక స్థాయి పైన ఉంటుంది కాబట్టి రాసినచోటే హాయిగా పలుకుతుంది. అలా ఉంచినప్పుడు వయోలా ఎక్కడైనా దించిన రెండో వయొలిన్ని దాటి పైకి లేస్తే, ఆ స్వరాలు ఆ రెండు భాగాల మధ్యా మార్చేయి. బాస్ పక్కనే గాంధారాలు ఇరికించకు, ముద్ద పుట్టేది అక్కడే. కింద పంచమమో పై షడ్జమమో ఉంచు. శ్రుతి మార్చకు: చెల్లోలో జి, డి రెండూ వేలు పెట్టకుండా పలికే ఖాళీ తీగలే, ఆ నిండుదనం పోతుంది. మొదటి చెల్లోకి బొటనవేలు తీగ మీద ఆన్చి వాయించే చోట్లున్నాయి, చెయ్యి తిరిగినవాళ్లకివ్వు. నెల్లూరొచ్చినప్పుడు కాగితాలు పట్టుకురా, కూర్చుని చూద్దాం.