సందేహాలు – సమాధానాలు: పేరు పెట్టిన సెల్స్ ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జూనియర్ అసిస్టెంటును. జీతాల లెక్కలకు పూర్వపు ఉద్యోగి ఒకరు ఎక్సెల్ 2003లో తయారుచేసిన ఫైలునే ఇప్పటిదాకా వాడాము. అందులో ఇంటి అద్దె భత్యం శాతాలున్న సెల్స్‌కు ఇంగ్లిష్ అక్షరాల్లో హెచ్‌ఆర్‌ఏ12, హెచ్‌ఆర్‌ఏ20 అని పేర్లున్నాయి. ఈ మధ్య ఆ ఫైలును కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో సేవ్ చేశాక ఆ పేర్లు జాబితాలో కనిపించడం లేదు. భత్యం కాలమ్‌లో అందరికీ సున్నా వస్తోంది. ఎర్రర్ మాత్రం ఏదీ చూపడం లేదు. పేర్లు ఎలా పోయాయి?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ పేర్లు పోలేదు, మారాయి. ఎక్సెల్ 2003లో ఒక షీట్‌కు 256 కాలమ్‌లే ఉండేవి, చివరి కాలమ్ పేరు ఐవి. అప్పటికి మూడక్షరాల కాలమ్ అనేదే లేదు కాబట్టి హెచ్‌ఆర్‌ఏ12 అనే పేరుకు అభ్యంతరం రాలేదు. ఎక్సెల్ 2007 నుంచి కాలమ్‌లు 16,384కు పెరిగి ఎక్స్‌ఎఫ్‌డి దాకా వెళ్లాయి. ఆ లెక్కలో హెచ్‌ఆర్‌ఏ అనేది 5,877వ కాలమ్, హెచ్‌ఆర్‌ఏ12 అంటే ఆ కాలమ్‌లో 12వ వరుసలోని సెల్. సెల్ చిరునామాను పేరుగా ఉంచే వీలు లేదు కాబట్టి, పాత ఫైలును కొత్త రూపంలోకి మార్చేటప్పుడు ఎక్సెల్ అలాంటి ప్రతి పేరుకూ ముందు ఒక అండర్‌స్కోర్ (_) చేరుస్తుంది. కంట్రోల్, ఎఫ్3 కలిపి నొక్కి, పేర్లన్నీ జాబితాగా ఉండే నేమ్ మేనేజర్ తెరవండి. హెచ్ అక్షరం దగ్గర కాకుండా జాబితా మొదట్లో చూస్తే అవి అండర్‌స్కోర్‌తో కనబడతాయి.

మరి సున్నా ఎందుకు వస్తోందన్నది అసలు విషయం, దీన్ని జాగ్రత్తగా చూడాలి. ఫార్ములాలో పేరును నేరుగా రాసి ఉంటే ఎక్సెల్ అక్కడ కూడా తానే అండర్‌స్కోర్ చేర్చేది, మీ లెక్క తప్పేది కాదు. మీ ఫైలులో ఫార్ములా ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్‌తో రాసి ఉంటుందని, అంటే హెచ్‌ఆర్‌ఏ అనే అక్షరాలను కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, సి5 వంటి సెల్‌లో ఉన్న 12నో 20నో వాటికి జోడించి, అలా వచ్చిన పేరులోని విలువను తెచ్చుకునే ఏర్పాటు ఉంటుందని నా అంచనా. కొటేషన్ల మధ్య ఉన్నది ఎక్సెల్‌కు ఉత్త అక్షరాలే కాబట్టి దాన్ని మార్చదు. జోడింపు పూర్తయ్యాక హెచ్‌ఆర్‌ఏ12 అనే మాట వస్తుంది, అది ఇప్పుడు నిజమైన సెల్ చిరునామా, ఆ సెల్ ఖాళీగా ఉంది. ఖాళీ సెల్‌తో మూల వేతనాన్ని గుణిస్తే సున్నాయే వస్తుంది. ఫార్ములా బార్ ఎడమ పక్కనున్న నేమ్ బాక్స్‌లో హెచ్‌ఆర్‌ఏ12 అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. కర్సర్ శాతాలున్న చోటికి రాకుండా షీట్‌లో కుడివైపు ఎక్కడో దూరంగా ఉన్న ఖాళీ గడిలో నిలబడితే ఈ అంచనా సరైనదే. కంట్రోల్, హోమ్ నొక్కితే మళ్లీ మొదటికి వస్తారు.

ఎర్రర్ చూపే ఫైలు కంటే ఇలా మౌనంగా సున్నా చూపే ఫైలే ప్రమాదకరం, ఎందుకంటే బిల్లు వెళ్లిపోయాక గాని ఎవరూ గమనించరు. కాబట్టి సరిదిద్దే ముందు పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలును చెరపకుండా పక్కన పెట్టండి. నేమ్ మేనేజర్‌లో ఆ పేర్లను ఎడిట్ చేసి హెచ్‌ఆర్‌ఏ తర్వాత అండర్‌స్కోర్, ఆ తర్వాత అంకె వచ్చేలా మార్చండి. నేరుగా రాసిన ఫార్ములాలు వాటంతట అవే మారతాయి. ఇన్‌డైరెక్ట్ ఉన్నవాటిని మాత్రం చేత్తో మార్చాలి. ఫైండ్ పెట్టెలో వర్క్‌బుక్ మొత్తాన్ని ఎంచుకుని, ఫార్ములాల్లో ఇన్‌డైరెక్ట్ అనే మాటను వెతికితే అవన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో మాక్రోలు, అంటే పనులను వాటంతట అవే చేసే చిన్న ప్రోగ్రాములు, నిలవవు. మాక్రోలున్న ఫైలును ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రూపంలో సేవ్ చేసి ఉంటే, వాటిలో కొటేషన్ల మధ్య రాసిన పేర్లకూ ఇదే గతి పట్టి ఉంటుంది, అవీ చూడండి. పని అయ్యాక పాత ఫైలులోని భత్యం మొత్తాన్నీ కొత్త ఫైలులోని మొత్తాన్నీ పోల్చకుండా బిల్లు పంపవద్దు.

జీతాల ఫైళ్లలో వేతన సవరణలను బట్టి ఆర్‌పీఎస్2010, పీఆర్‌సీ2015 వంటి పేర్లు సహజంగానే తోస్తాయి, మూడక్షరాలూ అంకే కలిసి సెల్ చిరునామా అయ్యే అవన్నీ ఈ కోవలోనివే. నా సలహా అడిగితే, శాతాలను ఒక చిన్న పట్టికగా రాసి, పట్టికలో వెతికి విలువను తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌తో తెచ్చుకోవడం మేలంటాను. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవారికి కూడా లెక్క ఎక్కడినుంచి వస్తోందో కంటికి కనబడుతుంది.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రం లెక్కల్లో ఏప్రిల్ షీట్‌ను కాపీ చేసి మే షీట్ తయారుచేశాను. ధరల పట్టికకు పెట్టిన రేట్ అనే పేరు నేమ్ మేనేజర్‌లో రెండుసార్లు కనబడితే ఒకటి తొలగించాను. ఇప్పుడు ఏప్రిల్ షీట్ అంతా నేమ్ ఎర్రర్ చూపుతోంది, మే షీట్ బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ధరల పట్టిక ఏప్రిల్ షీట్‌లోనే ఉండటం వల్ల, షీట్‌ను కాపీ చేసినప్పుడు పట్టికతోపాటు పేరుకు కూడా నకలు తయారైంది. మొదటి పేరు వర్క్‌బుక్ అంతటికీ చెందినది, రెండోది మే షీట్‌కు మాత్రమే చెందినది. నేమ్ మేనేజర్‌లోని స్కోప్ అనే గడి ఈ తేడానే చెబుతుంది. మీరు తొలగించినది మొదటిదాన్ని. డిఫైన్ నేమ్‌లోకి వెళ్లి, స్కోప్ వర్క్‌బుక్‌గా ఉంచి, ఏప్రిల్ పట్టికను చూపుతూ అదే పేరును మళ్లీ సృష్టించండి. ఒకసారి సృష్టించిన పేరుకు స్కోప్ మార్చడం ఆ పెట్టెలో కుదరదు కాబట్టి మొదటే సరిగా ఎంచుకోవాలి.

మే షీట్ బాగానే ఉందన్నారు గాని, అది తన సొంత నకలు పట్టికను చూస్తోంది. రేపు మీరు ఏప్రిల్ పట్టికలో ధర మార్చినా మే లెక్కలు మారవు. ధరల పట్టికను విడిగా ఒక షీట్‌లో ఉంచి పేరును దానికి పెడితే, నెలవారీ షీట్లను ఎన్నిసార్లు కాపీ చేసినా ఆ పేరుకు నకళ్లు పుట్టవు. అయితే నెలనెలా ధరలు మారేటట్లయితే, పాత నెలల లెక్కలు చెదరకుండా ప్రతి నెలకూ వేరే పట్టిక ఉండటమే సరైనది. అప్పుడు షీట్‌కు చెందిన పేర్లే మీకు కావలసినవి, వాటిని తొలగించకండి.

ప్రశ్న: ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రాఆఫీస్ కాల్క్‌లో డేటా మెనూ నుంచి డిఫైన్ రేంజ్‌తో పెట్టిన పేరు, మేనేజ్ నేమ్స్ పెట్టెలో కనిపించడం లేదు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: డేటా మెనూలో పెట్టేది డేటాబేస్ రేంజ్, అది వడపోతకూ క్రమంలో అమర్చడానికీ ఉద్దేశించినది. మేనేజ్ నేమ్స్‌లో కనబడేవి షీట్ మెనూలోని నేమ్డ్ రేంజెస్ కింద పెట్టిన పేర్లు మాత్రమే. ఎఫ్5 నొక్కి నావిగేటర్ తెరిస్తే ఈ రెండు రకాలూ వేర్వేరు శీర్షికల కింద కనబడతాయి. మీ పేరు డేటాబేస్ రేంజ్‌ల కింద భద్రంగా ఉంటుంది.