సింగపూర్ నుంచి కౌలాలంపూర్: ఆ గంట లెక్క

చిరంజీవి శిరీషకు, బాబాయి ఆశీస్సులు.

కౌలాలంపూర్‌కి ఫ్లైట్ గంటేనని, శుక్రవారం సాయంత్రం అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్ళి ఆదివారం మళ్ళీ సింగపూర్‌లో మా ఇంటికి వచ్చేస్తానని రాశావు. టికెట్లు ఇంకా కొనలేదు కదా, కాస్త ఆగు.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఇంచుమించు 300 కిలోమీటర్లు. గాల్లో ఉండేది ముప్పావు గంటే. విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్ళే టైమ్ కూడా కలుపుకుని టికెట్ మీద గంటో, ఇంకాస్త ఎక్కువో వేస్తారు. రెండు ఊళ్ళలో గడియారం ఒకటే కాబట్టి ఇక్కడ తికమక లేదు. ఆ తికమక హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడే. సింగపూర్ టైమ్ మన ఇండియా కంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి సుమారు నాలుగున్నర గంటల ప్రయాణం టికెట్ మీద ఏడు గంటల్లా కనిపిస్తుంది. అన్నయ్య చూసి కంగారుపడతాడు, ముందే చెప్పు.

అసలు లెక్క గుమ్మం దాటిన దగ్గర్నుంచి వేయాలి. మా ఇంటి నుంచి ఇక్కడి చాంగీ ఎయిర్‌పోర్టుకి టాక్సీలో అరగంట. అక్కడ రెండు గంటల ముందు ఉండాలి. దిగాక ఇమిగ్రేషన్ క్యూ, సామాను. పైగా కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు ఊళ్ళో లేదు. 50 కిలోమీటర్ల పైచిలుకు దూరాన సెపాంగ్‌లో ఉంది. ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే అరగంటలో ఊళ్ళోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది, టాక్సీ అయితే గంట. అన్నీ కూడితే ఐదు గంటలు.

అయితే బస్సే నయం కదా అంటావు. రోడ్డు మీద 350 కిలోమీటర్లు, ఐదారు గంటలు, సీట్లు బాగుంటాయి. నువ్వు ఒక్కదానివే అయితే బస్సే ఎక్కమందును. కానీ సరిహద్దు దగ్గర రెండుసార్లు దిగాలి. సింగపూర్ వైపు ఒకసారి, మలేసియా వైపు జొహోర్‌లో ఇంకోసారి, అక్కడ పెట్టెలు కూడా మోసుకుంటూ. శుక్రవారం సాయంత్రమైతే రెండు దేశాల్నీ కలిపే ఆ కాజ్‌వే రోడ్డు మీద ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. వదిన మోకాళ్ళకు ఆ అవస్థ వద్దు. గంటన్నరలో చేర్చే హైస్పీడ్ రైలు వేస్తామని రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి గానీ, 2021 జనవరి 1న రద్దయిందని ప్రకటించాయి. అది ఉండుంటే ఈ ఉత్తరమే అక్కర్లేకపోయేది!

కాబట్టి ఫ్లైటే ఎక్కండి, కానీ వన్‌వే తీసుకో. కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా ఫ్లైట్లున్నాయి. ముందు ఇక్కడ మాతో ఉండి, తర్వాత అక్కడికి వెళ్ళి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోండి. ఒక పూట మిగులుతుంది, సింగపూర్‌లోకి రెండోసారి ఎంట్రీ ఉందో లేదో వీసా తిరగేసి చూసుకునే టెన్షన్ కూడా ఉండదు.

పొద్దుటి ఫ్లైట్ చూడు. మధ్యాహ్నం దాటాక అక్కడ ఉరుముల వానలు ఎక్కువ, విమానాల్ని గాల్లోనే తిప్పుతూ ఉంచుతారు. కొన్ని చవక ఎయిర్‌లైన్స్‌లో చేతి సామాను 7 కిలోలే. వదిన ఎలాగూ ఆవకాయ తెస్తుంది, దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టించు. మలేసియా అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైట్ల జోలికి పోకు. హైదరాబాద్ ఫ్లైట్ ఏ టర్మినల్ నుంచో కూడా చూసుకో, కౌలాలంపూర్‌లో రెండున్నాయి.

టైమింగ్స్ అనుకున్నాక, డబ్బు కట్టేముందు నాకోసారి పంపు.

మీ బాబాయి