నెమ్మది దశలో ఉన్న మధ్యస్థం రేటు సమీకరణంలో ఎందుకు కనిపించదు?

ప్రశ్న: నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారే చర్య రెండు దశల్లో జరుగుతుందని చదివాను. అందులో నెమ్మది దశలో పాల్గొనేవి డైనైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ మాత్రమే. అలాంటప్పుడు, చర్య వేగం ఏయే గాఢతల మీద ఎలా ఆధారపడుతుందో చెప్పే రేటు సమీకరణంలోకి నైట్రిక్ ఆక్సైడ్ గాఢత వర్గం ఎలా వచ్చింది? అసలు మధ్యస్థాన్ని గుర్తుపట్టడం ఎలా?

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటిది సులువవుతుంది. దశలన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకోండి. ఒక దశలో పుట్టి, తరువాతి దశలో ఖర్చయిపోయి, మొత్తం సమీకరణంలో మిగలకుండా పోయేదే మధ్యస్థం. ఉత్ప్రేరకం కూడా మొత్తం సమీకరణంలో మిగలదు గనుక విద్యార్థులు తరచు ఇక్కడే పొరబడతారు. అయితే ఉత్ప్రేరకం ముందు ఖర్చయి తరువాత తిరిగివస్తుంది, మధ్యస్థం ముందు పుట్టి తరువాత ఖర్చవుతుంది.

మీరు చెప్పిన చర్యలో మొదట రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు జతకట్టి డైనైట్రోజన్ డయాక్సైడ్ అవుతాయి. ఆ జతల్లో చాలా భాగం ఏర్పడినంత త్వరగానే విడిపోతాయి కాబట్టి అక్కడ సమతాస్థితి నెలకొంటుంది. ఎప్పుడో ఒక జత, విడిపోయేలోగా, ఆక్సిజన్ అణువును ఢీకొని రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులుగా మారుతుంది; నెమ్మది దశ ఇదే. మొత్తం చర్య నెమ్మది దశ కంటే వేగంగా సాగలేదు, కాబట్టి రేటు ఆ జతల గాఢత మీద, ఆక్సిజన్ గాఢత మీద ఆధారపడుతుందనడంలో తప్పేమీ లేదు. కానీ జతల గాఢత మన చేతిలో లేదు. సమతాస్థితి ప్రకారం అది నైట్రిక్ ఆక్సైడ్ గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దాని స్థానంలో ఈ విలువను ప్రతిక్షేపించగానే మీరు అడిగిన వర్గం వచ్చేస్తుంది: నైట్రిక్ ఆక్సైడ్‌ను రెట్టింపు చేస్తే రేటు 4 రెట్లు, ఆక్సిజన్‌ను రెట్టింపు చేస్తే 2 రెట్లు అవుతుంది.

ఇంకొక విశేషం, నాకెంతో ఇష్టమైనది: వేడి చేస్తే ఈ చర్య నెమ్మదిస్తుంది. జతకట్టడం ఉష్ణమోచక చర్య, అంటే వేడిని విడుదల చేసేది, కనుక ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ జతలు తగ్గిపోతాయి, రెండో దశ వేగం పెరిగినా ఆ నష్టం పూడదు.

అంటే రేటు సమీకరణంలో నెమ్మది దశ దాకా చేరిన అణువులన్నిటి లెక్కా ఉంటుంది, ఆ తరువాత కలిసేవాటి లెక్క ఉండదు. నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్‌ల మధ్య తక్కువ ఉష్ణోగ్రతలో జరిగే చర్య దీనికి మంచి ఉదాహరణ. అందులో మొదటి దశే నెమ్మది: రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు ఢీకొని నైట్రోజన్ ట్రయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడతాయి. కార్బన్ మోనాక్సైడ్ ఆ తరువాతే వస్తుంది కనుక దానిని ఎంత పెంచినా రేటు మారదు.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. మీరు అడిగిన చర్యలో నైట్రిక్ ఆక్సైడ్ ముందుగా ఆక్సిజన్‌తోనే కలిసి నైట్రోజన్ ట్రయాక్సైడ్ అయి, అది మరో నైట్రిక్ ఆక్సైడ్ అణువును ఢీకొంటుందని ఊహించినా సరిగ్గా అదే రేటు సమీకరణం వస్తుంది. ఈ రెండు మార్గాల్లో ఏది నిజమో రేటు కొలతలు ఒక్కటే తేల్చలేవు. మధ్యస్థాన్ని వర్ణపటంలో నేరుగా పట్టుకోవలసిందే.