ప్రజాస్వామ్యంలో ‘వ’ ఒత్తు ఎందుకు?

సందేహం:

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర ఒక ఊళ్ళో సాంఘికశాస్త్రం చెప్పే టీచరుగారు ఇలా రాశారు.

“మాస్టారూ! జనవరి 26కి మా తొమ్మిదో తరగతి పిల్లలు చార్టు మీద ‘ప్రజాసామ్యం వర్ధిల్లాలి’ అని రాశారు. దిద్దబోతే ఒక కుర్రాడు, ‘ప్రజలందరూ సమానమేనని మీరే చెప్పారు. సామ్యం అంటే సమానమే కదా టీచర్, ఇదే రైటు’ అన్నాడు. తప్పని తెలుసు గానీ ఎందుకు తప్పో వెంటనే చెప్పలేకపోయాను. ఇంకో పిల్ల, ‘ప్రజలంటే రాజుగారి కింద ఉండేవాళ్ళు కదా, రాజు పోయాక ఇంకా ప్రజలేమిటి?’ అని అడిగింది. ఇవి చాలవన్నట్టు, మా ఊళ్ళో ఒడియా చదువుకునే పిల్లలు గణతంత్రం అంటే డెమోక్రసీ అంటున్నారు. మన పుస్తకంలో గణతంత్రం అంటే రిపబ్లిక్. ఎవరిది సరైనది?”

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివాక ఒక పూట మీ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలనిపించింది. మీ పిల్లలు అడిగినవి పెద్దలు అడగవలసిన ప్రశ్నలు.

ముందు చార్టు సంగతి. రాయవలసింది ‘ప్రజాస్వామ్యం’ అనే. స్వామి అన్న మాటలో ఉన్నది ‘స్వం’. అంటే సొత్తు, తనది అనుకునేది. సొత్తు గలవాడు స్వామి. ఆ మాట మీద ‘య’ ప్రత్యయం చేరితే స్వామ్యం, అంటే సొంతదారుతనం, యజమానితనం. ప్రజల యొక్క స్వామ్యం ప్రజాస్వామ్యం. షష్ఠీ తత్పురుష సమాసం. ఇక ‘సామ్యం’ పుట్టిల్లు వేరు. ‘సమ’ అన్న మాట మీద అదే ‘య’ చేరి సామ్యం అయింది. దానికి పోలిక, సమానంగా ఉండటం అని అర్థం. అన్నదమ్ములిద్దరి ముఖాల్లో సామ్యం ఉందంటాం, అందులో యజమానితనమేమీ లేదు.

పిల్లలు ‘వ’ ఒత్తు ఎందుకు మింగేశారంటే, మన నోరు ఎప్పుడూ మింగుతూనే ఉంది కాబట్టి. స్వామి మన ఊళ్ళలో సామి. స్వర్గం సొర్గం. స్వంతం సొంతమై ఏనాడో పుస్తకాల్లోకి కూడా ఎక్కి కూర్చుంది. కాబట్టి సభలో మైకు ముందు ఎవరైనా ‘ప్రజాసామ్యం’ అంటే నేను చెవులు మూసుకోను. రాతలో మాత్రం ఒత్తు ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఒత్తు పోతే ఇంకో మాట అయిపోతోంది. పిల్లలకు గుర్తుండటానికి ఒక చిట్కా చెప్పండి. భాగస్వామ్యం అని రాసేటప్పుడు ఎవరూ ఒత్తు మరిచిపోరు, ఎదురుగా భాగస్వామి కనిపిస్తుంటాడు గనక. భూస్వామ్యంలో భూస్వామి ఉన్నాడు. ఇంటర్మీడియట్‌లో అర్థశాస్త్రం తీసుకున్నవాళ్ళకు ‘ఏకస్వామ్యం’ తెలుస్తుంది: బజారంతా ఒక్క అమ్మకందారు చేతిలో ఉండటం. ఈ వరసలోదే ప్రజాస్వామ్యం. భూస్వామ్యంలో భూమి ఉన్నవాడు స్వామి, ఏకస్వామ్యంలో ఒక్కడే స్వామి, ప్రజాస్వామ్యంలో ప్రజలే స్వాములు.

ఒక చిన్న తేడా ఉంది, తెలివైన పిల్ల పట్టేస్తుంది. భూస్వామి అంటే భూమికి స్వామి. ఆ లెక్కన ప్రజాస్వామి అంటే ప్రజలకు స్వామి, అంటే రాజు అవ్వాలి కదా! నిజమే, సమాసం రెండు వైపులా తిరుగుతుంది. షష్ఠిలో ఉన్న చిక్కే అది. ‘అమ్మ ఫొటో’ అంటే అమ్మను తీసిన ఫొటోనా, అమ్మ తీసిన ఫొటోనా? వాడుకే తేల్చాలి. ప్రజాస్వామ్యం విషయంలో వాడుక ఎప్పుడో తేల్చేసింది. ఎన్నికైన కొందరు నాయకులు మాత్రం ఇంకా ‘ప్రజలకు స్వామి’ అన్న విగ్రహవాక్యమే చెప్పుకుంటున్నారని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఇక మీ కుర్రాడి వాదన. దాన్ని తీసిపారేయకండి. వాడు స్పెల్లింగు తప్పాడే గానీ ఆలోచన తప్పలేదు. రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’, ‘ప్రజాస్వామ్య’ అన్న మాటలు ఒకే వాక్యంలో దగ్గర దగ్గరగా ఉన్నాయి. పాఠ్యపుస్తకం మొదట్లో అచ్చయిన ఆ పీఠికను రోజూ చూసే పిల్లవాడు రెంటినీ కలిపేయడం వింతేమీ కాదు. సామ్యవాద అన్నది 1949లో లేదు, 1976లో 42వ సవరణతో వచ్చి చేరింది. అయితే మొదటి నుంచీ పీఠికలో ప్రజాస్వామ్యం ఒకచోట, సమానత్వం మరోచోట విడివిడిగా ఉన్నాయి. మొదటిది మన రాజ్యం ఎలాంటిదో చెప్పే మాట. రెండోది ఆ రాజ్యం పౌరులందరికీ సమకూర్చవలసిన వాటిలో ఒకటి. ఆ వరసలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఉన్నాయి. స్వామ్యం దక్కగానే సామ్యం కూడా దానంతటదే వచ్చేస్తుందని రాసినవాళ్ళు అనుకోలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పింది కూడా ఇదే: జనవరి 26 నుంచి రాజకీయాల్లో మనకు సమానత్వం ఉంటుంది, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత ఉంటుంది, ఆ వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నాం అన్నారు. మనిషికి ఒక ఓటు, ఓటుకు ఒకే విలువ. అది స్వామ్యం. ఆ ఓటు వేయడానికి వరసలో నిలబడ్డవాళ్ళు తిరిగి వెళ్ళే ఇళ్ళ సంగతి సామ్యం.

సమానత్వానికి మన దగ్గర చాలా మాటలున్నాయి. సమత, సమానత, సమానత్వం మూడూ సరైనవే. ‘సమత్వం’ అన్నప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. గీతలో ‘సమత్వం యోగ ఉచ్యతే’ అన్నది కష్టసుఖాల్లో మనసు ఒకేలా ఉండటం గురించి. అది మనుషుల మధ్య సమానత్వం గురించి కాదు. నాకు నచ్చే చుట్టం ఇంకొకటి ఉంది, ‘సామాన్యం’. అది ‘సమాన’ నుంచే వచ్చింది. అందరికీ ఉమ్మడిగా ఉండేది అని దాని అసలు అర్థం. మనం దాన్ని చిన్నబుచ్చి, సామాన్యుడంటే ఏమీ లేనివాడిగా చేశాం.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన ‘ప్రజ’. తెల్లవారుతూనే గుడి మైకులో ‘కౌసల్యా సుప్రజా రామ’ వినబడుతుంది కదా, ఆ సుప్రజలో ఉన్న ప్రజ అంటే సంతానం. కౌసల్య మంచి బిడ్డను కన్న తల్లి అని భావం. పుట్టినది ప్రజ, ‘జన్’ ధాతువు. అమరకోశం ‘ప్రజా స్యాత్ సంతతౌ జనే’ అని రెండర్థాలూ ఒకే ముక్కలో చెప్పేసింది: బిడ్డలు, జనం. ఈ రెండర్థాల మీదే రాజులు బతికారు. కాళిదాసు శాకుంతలంలో ‘ప్రజాః ప్రజాః స్వా ఇవ తంత్రయిత్వా’ అంటాడు. ప్రజలను తన సొంత ప్రజల్లాగే, అంటే బిడ్డల్లాగే నడిపించి అని. వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కానీ తండ్రి ఎంత మంచివాడైనా ఇంటి తాళంచెవి తండ్రి మొలలోనే ఉంటుంది. బిడ్డ యజమాని కాడు.

కాబట్టి మీ పిల్ల అనుమానం ఉత్తిది కాదు. నేపాల్‌లో ఇదే గొడవ నడిచింది. అక్కడ 1951లో వచ్చిన మార్పును ‘ప్రజాతంత్ర’ అన్నారు, రాజు గద్దె మీదే ఉన్నాడు. 2006 ఉద్యమం తర్వాత ఆ మాటను పక్కన పెట్టి ‘లోక్‌తంత్ర’ పట్టుకున్నారు, ప్రజ అంటే రాజుగారి రైతు అన్న వాసన పోవాలని. 2008లో రాచరికమే పోయింది. (రైతు అన్నానా? అదీ అలాంటి మాటే. అరబ్బీ నుంచి వచ్చిన రయ్యత్ అంటే పాలితుడు. మన దగ్గరికి వచ్చేసరికి భూమి దున్నేవాడయ్యాడు.)

మరి తెలుగువాళ్ళం ఎందుకు మార్చలేదు? నా ఉద్దేశం ఇది. తెలుగులో ‘ప్రజలు’ అన్నమాటకు రాజు వాసన ఎప్పుడో పోయింది. ప్రజా ఉద్యమం, ప్రజా కవి, ప్రజా వైద్యశాల అన్నప్పుడు ఎవరికీ కిరీటం గుర్తురాదు. పైగా ‘లోకతంత్రం’ అంటే మనకు లోకమంతా పన్నిన కుట్రలా వినిపిస్తుంది. మన తంత్రం కుతంత్రానికి బాగా దగ్గరైపోయింది, మంత్రాలూ తంత్రాలూ అంటాం. వామపక్ష సంఘాల పేర్లలో ‘ప్రజాతంత్ర’ నిలిచింది గానీ ఇంట్లో మాట కాలేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, బిడ్డ అని అర్థమున్న మాట పక్కనే స్వామి అని చేర్చడం. నిన్నటిదాకా సాకబడినవాళ్ళు ఇవాళ సొంతదారులయ్యారు. ఈ మాట కట్టినవాళ్ళు అంత ఆలోచించారో లేదో గానీ నాకైతే ఇది లోక్‌తంత్ర కన్నా మంచి మాట.

గణతంత్రం విషయంలో మీ ఊరి పిల్లలందరూ రైటే, ఎవరి భాషలో వాళ్ళు. ఒడియాలోనూ బెంగాలీలోనూ గణతంత్రం అంటే డెమోక్రసీ. ఒడియావాళ్ళకు జనవరి 26 ‘సాధారణతంత్ర దివస్’. బంగ్లాదేశ్ అధికారిక నామంలో ‘గణప్రజాతంత్రీ’ అని ఉంటుంది. అక్కడ ‘గణ’ అంటే ప్రజల, ‘ప్రజాతంత్రం’ అంటే రిపబ్లిక్. మనం చైనాను ‘ప్రజా గణతంత్ర రాజ్యం’ అంటాం. మాటలు అవే, కుర్చీలు మార్చుకున్నాయి! మరాఠీవాళ్ళ రిపబ్లిక్ ‘ప్రజాసత్తాక్’, తమిళుల డెమోక్రసీ ‘జననాయగం’, కన్నడిగులది ‘ప్రజాప్రభుత్వ’. మనకు ప్రభుత్వం అంటే గవర్నమెంటు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. హిందీలో ఓటు వేయడం ‘మత్‌దాన్’. తెలుగులో మతదానం అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. సంస్కృతంలో మతం అంటే అభిప్రాయమే, మనకు సమ్మతంలో ఆ అర్థం మిగిలింది. అందుకే మనం హాయిగా ఓటు అన్న ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నాం, ఎవరికీ నష్టం లేదు.

తెలుగులో తేడా ఇలా చెప్పండి. గద్దె వారసత్వంగా రాకపోతే గణతంత్రం. పాలించేవాళ్ళను ప్రజలే ఎన్నుకొని, ప్రజలే దింపగలిగితే ప్రజాస్వామ్యం. బ్రిటన్ ప్రజాస్వామ్యమే, రాజు ఉన్నాడు కాబట్టి గణతంత్రం కాదు. రాజు లేకపోయినా, పాలకుణ్ణి దింపే దారి లేని దేశాలు గణతంత్రం అని పేరు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాయి కూడా. మనం 1947 ఆగస్టు 15న స్వతంత్రులమైనా 1950 జనవరి 26 దాకా కాగితం మీద బ్రిటిష్ రాజు ఆరో జార్జి మన రాజే. ఆ రోజున గణతంత్రం అయ్యాం. వైశాలి లిచ్ఛవుల గణం గురించి పిల్లలు చదువుకునే ఉంటారు. అది ఒక్క రాజు పాలన కాదు నిజమే, కానీ ఆ సభలో కూర్చున్నవి పెద్ద కుటుంబాలు. పొలంలో పని చేసే దాసుడికి అందులో పీట లేదు. గణం ఉంది, స్వామ్యం కొందరిదే.

మిగతా పాలనల పేర్లు కూడా సరదాగా ఉంటాయి. రాచరికం అచ్చంగా మనం కట్టుకున్న మాట, పెద్దరికం, పేదరికం లాగా. నిరంకుశుడు అంటే అంకుశం లేని ఏనుగు. కవులను ‘నిరంకుశాః కవయః’ అని ముద్దు చేశారు, పాలకుడికి మాత్రం అది తిట్టయింది. నియంత అంటే అమరకోశంలో రథసారథి, పాపం! పగ్గాలు పట్టుకున్నవాడు ఇక దిగనంటే ఏమవుతాడో ఆ మాటే చెబుతోంది. ‘నియంతత్వం’ అని రాస్తే దిద్దండి, నియంతృత్వం. నేతృత్వం, మాతృత్వం లాగా.

న్యాయం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క ముక్క. ‘మత్స్యన్యాయం’ అన్నప్పుడు పిల్లలు తికమక పడతారు. పెద్ద చేప చిన్న చేపను మింగడం న్యాయమా అని. అక్కడ న్యాయం అంటే లోకంలో కనిపించే తీరు, అంధగజన్యాయంలో లాగా. కౌటిల్యుడు ఒక కథ చెబుతాడు: మత్స్యన్యాయంతో విసిగిన ప్రజలు మనువును రాజుగా చేసుకొని, పంటలో ఆరో వంతు, సరుకులో పదో వంతు ఇస్తామన్నారట. ఈ కథ మీ క్లాసులో ఆ పిల్లకు చెప్పండి. ఇందులో రాజు కన్నా ప్రజలే ముందున్నారు.

ఆ కుర్రాడికి ఇంకో పని అప్పజెప్పండి. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని ‘వ్యక్తి’కి ఇచ్చింది, ఏ హోదా అడగలేదు. ఒక వారం తెలుగు పేపర్లు తెచ్చుకొని క్రియాపదాల కింద గీతలు గీయమనండి. మంత్రి ‘చెప్పారు’, కలెక్టరు ‘వివరించారు’, రైతు ‘వాపోయాడు’, కూలి ‘చెప్పింది’. వ్యాకరణం ప్రకారం అన్నీ సరైనవే. నేనైతే నా రాతల్లో కూలి కూడా ‘చెప్పారు’ అనే రాస్తున్నాను. మొదట్లో కొన్నాళ్ళు ప్రూఫులు దిద్దే అబ్బాయి ‘చెప్పింది’ అని మార్చి పంపేవాడు. ఇప్పుడు మార్చడం లేదు.