కొత్తగా ఏఎన్‌ఎం అయిన మేనకోడలికి

చిట్టీ,

గుణుపురం అవతల సబ్‌సెంటర్‌లో చేరావటగా. నీ ఊళ్లలో చూపు లేని బాలింత ఒకామె ఉందని, బిడ్డనెలా సాకుతుందోనని నీకు టెన్షన్‌గా ఉందని మీ నాన్న చెప్పాడు.

ఆ ఇంటికెళ్లి అత్తగారితో మాట మొదలుపెట్టకు. తల్లి ఎదురుగా ఉండగానే "ఈమె పాలు సరిగ్గా ఇస్తోందా?" అని పక్కవాళ్లని అడగడం మన ఉద్యోగాల్లో పాత రోగం. ఆమెనే అడుగు. అదీ "చెయ్యగలవా?" అని కాదు, "ఎలా చేస్తున్నావో చూపించు" అని. స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంటుంది, బిడ్డ పాకడం మొదలెట్టాక కాలికి గజ్జె కడుతుంది. చిక్కంతా మందు కొలత దగ్గరే. సూది లేని సిరంజి తీసుకుని, డాక్టరు రాసిన మోతాదుకి సరిగ్గా లోపలి కాడ మీద గాటు పెట్టి ఇవ్వు. గాటు బయటికొచ్చి గోటికి తగిలేదాకా లాగితే చాలు. బిడ్డ బరువు పెరిగి మోతాదు మారితే సిరంజీ మార్చాలి, మరిచిపోకు.

మూర్ఛ ఉన్న తల్లిని చాప మీద, గోడకానుకుని పాలివ్వమను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిడ్డకి స్నానం వద్దను. పాలిస్తున్నానని మాత్రలు తనంతట తను ఆపేయకుండా చూడు.

ఇంకోటి. సవర తల్లి ఒడియాలో జవాబు చెప్పకపోతే "బుర్ర సరిగా లేదు" అని తేల్చేసేవాళ్లుంటారు. ముందు సవర భాష వచ్చినవాళ్లని పిలిపించు.

ఈ తల్లులు కష్టం బయటికి చెప్పరు, చెబితే బిడ్డని లాక్కుపోతారని భయం. తల్లికి వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో బిడ్డని వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 23వ అధికరణంలో ఉంది, మన దేశం 2007లోనే దాన్ని ఆమోదించింది. మొదటి రోజే ఈ మాట ఆమె చెవిన వెయ్యి. బిడ్డ బరువు తగ్గుతుంటే మాత్రం మొహమాటపడకు, ఏ తల్లి బిడ్డకైనా ఏం చేస్తావో అదే చెయ్యి.

రిజిస్టర్‌లో "అంధురాలు, చూసుకోలేదు" అని రాయకు. "మందు కొలతకి సాయం కావాలి" అని రాయి. నీ తర్వాత వచ్చే సిస్టర్ ఆమెని చూడకముందే ఆ లైను చదువుతుంది.

ఈసారి రాయగడ వచ్చినప్పుడు రెండు సిరంజీలు పట్టుకురా. గాటు లోతైతే కాడ విరిగిపోతుంది, ఎంత కొయ్యాలో చూపిస్తాను.

మీ అత్త